రెండు గుక్కలు

బరంపురం కోర్టు ఎదుట టీ దుకాణంలో లారీ డ్రైవరు, అతని భార్య కూర్చున్నారు. కేసు కొట్టేసి గంట కూడా కాలేదు.

“మోటారుసైకిల్ కుర్రోడే రాంగ్ సైడులో వొచ్చినాడని జడ్జిగారే సెప్పీసినారు గదా మావా. ఇంకేటి ఆలోసిస్తన్నావ్?”

“బయటికొస్తంటే ఆ కుర్రోడి తల్లి నన్నాపింది.”

“ఓలమ్మో! తిట్టిందేటి?”

“నేదే. ‘నా కొడుకు పోయేముందు నోట్లో ఎవులైనా నీళ్లు పోసినారా?’ అనడిగింది.”

“నువ్వేటన్నావ్?”

“ఒళ్లో పడుకోబెట్టుకుని నేనే పోసినానమ్మా, రెండు గుక్కలు మింగినాడు, అన్నాను.”

“జనం కొట్టీస్తారు, పారిపో అని పక్క లారీవోలు అరిసినా నువ్వెల్లలేదు. ఆవిడేటంది మరి?”

“ఏడ్సింది. తరవాత సంచిలోంచి నీళ్ల సీసా తీసి, ‘పువా, నువ్వూ తాగు’ అంది.”

“కొడకా అన్నాదా? నిన్నా?”

“నన్నే.”

“తాగినావా?”

“రెండు గుక్కలు తాగినాను. అవి గొంతు దిగినంతసేపూ నాకేసే సూసింది. దిగినాక, ‘ఇంక ఇంటికెల్లు’ అంది.”