షేకు ఇంటి నీడలు

హైవే మీద ఎండ చిటపటమంటున్నది. నీలమ్మ చాయ్ హోటల్ల కూసున్న మాకు చెన్నబసప్ప తన గల్ఫ్ ముచ్చట అందుకున్నడు.

"ఎడారిల ఇల్లు కట్టుడంటే తమాషా గాదు. మా షేకు అద్దాల ఇల్లు కావాలన్నడు, ఇంజినీరు నక్ష గూడ గీసిచ్చిండు. నేనే అడ్డంపడ్డ. అద్దాలు పెడితే అండ్ల మీరు ఉడుకుతరు సాబ్, పడమటి దిక్కు కిటికీలు వద్దు, గోడలు మూరెడు మందం పెట్టున్రి, నడుమ వాకిలి ఇడిచి చుట్టూ అర్రలు కట్టున్రి అన్న. మీద గాలిని పట్టి కిందికి దించే బురుజొకటి లేపిచ్చిన. ఏసీ లేకుంటనే ఇల్లు సల్లబడ్డది."

బాగనే ఉన్నదనుకున్నం.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? ఆ సల్లదనం ఆగలే, దినదినం పెరిగింది. బయట ఇసుకల కాలు పెడితే బొబ్బలు, లోపల షేకు బేగం దుప్పటి మీద దుప్పటి కప్పుకుంటుండె. ఆ బురుజు ఎంత దూరంకెళ్లన్న గాలిని గుంజుకొస్తుండె. ఒకనాడు అండ్లకెళ్లి అల్లం వాసన వచ్చింది, మన మొగుడంపల్లి చేన్ల అల్లం. ఎన్కనే మా అమ్మ పిలిచినట్టు ఇనొచ్చింది. ఆమె పోయి అప్పటికి శాన దినాలాయె."

"పలికినవా కాకా?" అల్లం వ్యాపారం చేసే రాజేశ్వర్ అడిగిండు.

"పలకలే. పలికితే నన్ను గూడ పైకి గుంజుకుంటదని భయమైంది."

ఎవ్వరూ నవ్వలే. నీలమ్మ స్టవ్ మంట తగ్గించింది.

"ఇంక ఇనున్రి. ఎండకు నీడలు గూడ తాళలే. మిట్టమధ్యాహ్నం ఒక్కటొక్కటే లోపలికొస్తుండె. మనుషులు లేరు, వట్టి నీడలు. వాకిట్ల గోడకానుకొని కూసునేటియి. మాట లేదు గని ఊపిరి సప్పుడు ఇనొచ్చేది. షేకు నీడ గూడ పోయి వాటిల కలిసింది, ఆయన ఎండల నడుస్తే కింద ఏం పడకపోతుండె. ఆఖరికి ఊరి నీడలన్నీ మా ఇంట్లనే. బయట ఒంటెకు లేదు, ఖర్జూర చెట్టుకు లేదు, నీళ్ల ట్యాంకుకు లేదు."

మూల బెంచీ మీద విరూపాక్ష ఉన్నడు. ఆయన గూడ గల్ఫుల అదే ఊర్ల కూలి చేసి వచ్చినోడే.

"బసప్పన్నా," అన్నడు మెల్లగ, "నువ్వు పోయేసరికే ఆ ఇల్లు కట్టి ఉన్నది. నువ్వు గేటుకాడ కావలి. ఆ వాకిట్ల కూసున్నది మేము. రోడ్డు పనిల సొమ్మసిల్లి పడుతుంటే గేటు తీసి లోపలికి పిలిచినవు. లేకుంటే ఇయ్యాల నేనిక్కడ ఉండకపోదును. నీ కొలువు పోయింది అందుకే గద. గది చెప్పవేందే?"

చెన్నబసప్ప రోడ్డు మీది లారీల దిక్కు మొఖం తిప్పిండు.

"షేకు మిద్దె మీదికెళ్లి చూసి, ఎవరు వాళ్లు అని అడిగిండు," అన్నడు. "నాకేం తోచలే. నీడలు సాబ్, అన్న."