బోర్డు సేట్‌ది, నోరు నాది

నా పేరు గుర్రం జమున. భర్త కరుణాకర్, ఆటో నడుపుతాడు. నా వయసు నలభై మూడు. ఉండేది గౌలిగూడలో, కిరాయి ఇంట్లో. అబిడ్స్ నుంచి నాంపల్లి వెళ్లే రోడ్డు పక్క సందులో ఉన్న శ్రీ వైశాలి మ్యాచింగ్ సెంటర్‌లో పదకొండేళ్లు పనిచేశాను. చీరలకు జాకెట్ ముక్కలు, ఫాల్స్, లైనింగ్ చూపించే పని. యజమాని బాలకిషన్ గారు. మేమంతా సేట్ అంటాం. నేను దుకాణం వీడియోల ఖాతా దొంగిలించానని ఆయన పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చినందున, అడిగినవాటికి జవాబు చెబుతున్నాను. అడగనివి కూడా కొన్ని చెబుతాను.

మ్యాచింగ్ పనిలో ఒక పద్ధతి ఉంది. ట్యూబ్‌లైటు కింద రంగు నిజం చెప్పదు. అందుకే చీరనూ ముక్కనూ గడప బయటికి తెచ్చి, ఎండలో పక్కపక్కన పెట్టి చూస్తాం. దుకాణానికి రాలేని ఆడవాళ్లు ఫొటో పంపమనేవారు. ఫొటో ఇంకా పెద్ద అబద్ధం. కాబట్టి నా సొంత ఫోన్‌ను దారపు రీళ్ల డబ్బాకు ఆనించి వీడియోలు తీసి పెట్టడం మొదలుపెట్టాను. ఖాతా తెరిచింది నా నంబరుతో. పేరు మాత్రం దుకాణానిది పెట్టాను. మా బజారులో ఎవరినైనా పనిచేసే దుకాణం పేరుతోనే పిలుస్తారు. నన్నూ ‘వైశాలి జమున’ అనేవారు. అందులో చిక్కు ఉంటుందని తోచలేదు. నేను చేసిన తప్పు అదొక్కటే.

2024 ఆగస్టు 12, సోమవారం, శ్రావణమాసం రద్దీ. ఉదయం 11.20కి ఒకావిడ చీర తెచ్చి నీలం ముక్కే కావాలని పట్టుబట్టింది. నేను ఆమెను బయటికి తీసుకెళ్లి, “అక్కా, గిది బ్లూ గాదు, పాలపిట్ట రంగు. లైటు కింద అన్ని ఒక్కతీర్గనే కొడ్తయ్. జర గడప దాటి జూడు” అన్నాను. ఆమె నవ్వి ముక్క మార్చుకుంది. వీడియో పెట్టుకోమంది కూడా. దాన్ని ఇరవై రెండు లక్షల మంది చూశారు.

వారం తర్వాత సేట్ నన్ను పిలిచి, “ఏంది జమునా, గట్లా మాట్లాడితె పెద్దింటోళ్లు వస్తరా? టీవీల చెప్పినట్టు జర నీట్‌గ చెప్పు” అన్నారు. కాదనలేక రెండు వారాలు ‘దయచేసి గమనించండి’ అని చెప్పాను. ఎవరూ గమనించలేదు. మళ్లీ నా మాటకే వచ్చాను.

నవంబరులో వీడియోల డబ్బు మొదటిసారి నా బ్యాంకులో పడింది. నా నెల జీతం కన్నా ఎక్కువ. ఆ సాయంత్రం మొజంజాహీ మార్కెట్ నుంచి సీతాఫలం ఐస్‌క్రీమ్ తెచ్చి అందరికీ పెట్టాను. సేట్ రెండు కప్పులు తిన్నారు. అది ఎవరి డబ్బని ఆ రోజు ఆయన అడగలేదు. రెండు కప్పులు తిన్నారు, అది కూడా రాసుకోండి.

2025 జనవరి 6, ఉదయం 10.40కి సేట్ నన్ను గల్లా దగ్గర నిలబెట్టి ఖాతా పాస్‌వర్డ్ అడిగారు. “పేరు నా దుకాణంది. పైసలు గూడ దుకాణానివే. రేపటి సంది నా కోడలు హాసిని మాట్లాడ్తది” అన్నారు. నేను, “సేట్, ఫోన్ నాది, నోరు నాది. బోర్డు మీది. బోర్డు మీరే ఉంచుకోండ్రి” అన్నాను. గట్టిగానే అన్నాను. తిట్టలేదు. చేయి ఎత్తలేదు. ఆయన అక్కడికక్కడే నన్ను పనిలోంచి తీసేశారు. పదకొండేళ్లలో నేను ఆలస్యంగా వచ్చింది నాలుగు రోజులు. నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది.

అదే రోజు 11.15కి, నాంపల్లి స్టేషన్ దగ్గరి బస్‌స్టాపులో కూర్చుని నా ఖాతా పేరు మార్చాను. దుకాణం పేరు తీసేసి ‘మ్యాచింగ్ జమున’ అని పెట్టాను. ఎవరూ చెప్పలేదు, ఎవరూ సాయం చేయలేదు. తర్వాత హాసిని వేరే ఖాతా తెరిచి, నా మాటే పలుకుతూ వీడియో పెట్టింది. పాలపిట్ట రంగును స్కై బ్లూ అంది. చూసినవాళ్లు జమునక్క ఏదని అడిగారు. ఆ పిల్ల మీద నాకేం కోపం లేదు. ఆ తర్వాతే సేట్ ఫిర్యాదు ఇచ్చారు.

ఇప్పుడు బేగంబజార్‌లో ముక్కలు కొని, మా ఇంటి మెట్ల మీద కూర్చుని వీడియోలు చేస్తున్నాను. ఆటో డబ్బు కిరాయికే సరి, ఇల్లు నడిచేది ఈ వీడియోలతోనే. ఖాతా పోతే నాకు ఇంకో దారి లేదు. ఎస్సై గారు, “అమ్మా, ఖాతా ఇచ్చెయ్యరాదా? ఆయన కేసు వాపస్ తీసుకుంటడంట, నౌకరి గూడ మల్ల ఇస్తడంట” అన్నారు. నా మంచికే అన్నారు. నేను ఇవ్వను. కోర్టులో అడిగినా ఇదే చెబుతాను.

ఇందులో ఉన్నది నేను చెప్పిందే, నిజమే. ఎవరి భయంతోనూ చెప్పలేదు. స్టేషన్ రైటర్ గారు రాసింది చదివి వినిపించినప్పుడు ఒకచోట ‘దుకాణం ఖాతా పేరు మార్చాను’ అని వచ్చింది. అది కొట్టేసి ‘నా ఖాతా’ అని రాసేదాకా సంతకం పెట్టనని కూర్చున్నాను. ఇరవై నిమిషాలు పట్టింది. ఇప్పుడు రాశారు. ఇప్పుడు పెడుతున్నాను.

(సం.) గుర్రం జమున
2025 జనవరి 18, మధ్యాహ్నం 1.05
కొట్టివేత ఒకటి. పక్కన ఆమె సంతకం ఉంది.