కంచె మీదికి వాలిన చెట్లు

భర్త పెద్దకర్మ జరిగిన మర్నాడు ఆమె వాకిలి ఊడుస్తుంటే, పక్కతోట బావ చెట్లు కొట్టే మనిషిని వెంటబెట్టుకుని కంచె దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, మీ ఇంటి మీదకి వాలిన కొబ్బరి సెట్లు ఇంకా రెండున్నాయి. ఇయ్యాల కొట్టించేత్తాను."

ఆమె చీపురు ఆపలేదు.

"రెండేళ్లు అడిగాను బావా. అప్పుడేటన్నావు?"

"తుపాను తోటంతా పడగొట్టేసినాది. కాపుకొచ్చినవి ఆ మూడే మిగిలాయి. ఎలాగ కొట్టుకుంటానమ్మా? అందుకే కాయల్లో సగం మీకే ఇత్తానన్నాను."

"కొబ్బరినీళ్లు తాగకూడదని డాక్టరు సెప్పిన మనిషికా? పలాసలో డయాలిసిస్ సేయించుకొచ్చి, ఒంట్లో ఓపిక లేక ఆ అరుగు మీదే తొంగునీవోడు. లోపల తొంగోమంటే, ఇక్కడ గాలి తగుల్తాదనీవోడు."

"గాలి లేని రోజున సెట్టు ఇరిగి ఆడి మీద పడతాదని ఎవులనుకున్నారు? తమ్ముణ్ణి నానే సంపేసినట్టు సూడకమ్మా."

"ఎలాగూ ఎక్కువ కాలం బతికీవోడు కాదని నిన్న బోజనాల కాడ నువ్వే అన్నావు. ఇన్నాను."

బావ తల దించుకున్నాడు.

"తప్పే అన్నాను. మిగతా రెండూ కొట్టించనీ. అవి కూడా పడితేనో?"

ఆమె అప్పుడు నడుము ఎత్తి, అరుగు వైపు చూసింది.

"పడనీ బావా. అక్కడ తొంగోడానికి ఇంకెవులున్నారు?"