దారం లేని ఫొటో

గోపాలపట్నంలో ఒక మేడ మీద, ఓడల యార్డు క్రేన్ల ఫొటోలు క్లౌడులో దాచిపెట్టే సాయిశంకర్ ఆఫీసు. ఎప్పుడొచ్చినా గుమ్మంలోనే చెప్పులు వదిలే అతని బావ జగ్గారావు, ఆ మధ్యాహ్నం చెప్పులతోనే లోపలికి వచ్చేశాడు.

“కూర్చో బావా. టీ తెప్పిస్తాను.”

“టీ వద్దు. మళ్ళీ సెప్పు. నా ఫొటో ఎక్కడికెల్లిపోనాది?”

“ఎక్కడికీ పోలేదు. దాని మీద ఇంకో ఫొటో పడింది. రెండిటికీ పేరొకటే కదా, క్రేను నంబరూ తేదీ. అదే పేరుతో కొత్తదొస్తే పాతది చెరిగిపోద్ది. క్లౌడంటే అంతే.”

“అంతేనేటి?”

“అంతే బావా. ఎవర్నీ అనడానికి లేదు.”

“ఎవుర్నీ అనడానికి నేదా! యార్డోళ్ళు నన్ను అంటన్నారు సాయీ. ‘క్రేను రోపు బాగుందని నువ్వే ఫొటో పెట్టావు, అది సూసే ఏడింటికి క్రేను నడపడానికి పర్మిట్ ఇచ్చాం, కింద పేరు నీదే కదా’ అంటన్నారు. నాను పెట్టింది పోగులు తెగిపోయిన రోపు ఫొటో. నైట్ డ్యూటీ దిగే ముందు, ఆరూ పదికి, నా సేత్తో తీసి పెట్టాను. సూపర్‌వైజరుకి నోటితో కూడా సెప్పాను. ‘ఫొటో సూసి ఆపుతాంలే, నువ్వెల్లు’ అన్నాడు.”

“నేను నమ్ముతాను బావా.”

“నువ్వు నమ్మితే సాల్దు. ఎల్లుండి ఎంక్వైరీ. ఆ రోజు పదకొండింటికి రోపు తెగి, ఇనప రేకుల కట్ట కింద పని సేత్తన్న గణేష్ మీద పడింది. మోకాలి కింద తీసీసారు కాలు. నిన్న ఆస్పత్రికెల్తే ఆల అమ్మ పోతమ్మ ఏటందో తెలుసా? ‘రోపు బాగుందని సెప్పింది నువ్వేనా బాబూ’ అంది. తిట్టినా బాగుణ్ణు.”

“అక్కకి చెప్పావా?”

“మీ అక్క సంగతి తరవాత. క్యారేజీ గుర్తుందా నీకు?”

“ఏ క్యారేజీ?”

“నాను యార్డుకి అట్టుకెల్లే అన్నం క్యారేజీ. అక్కడ నలభై క్యారేజీలు, అన్నీ ఒక్కలాటివే. నాది ఎవుడో తినీసి ఎల్లిపోతన్నాడని మీ అక్క పిడికి ఎర్రదారం కట్టింది.”

“అదిప్పుడెందుకు బావా…”

“ఇప్పుడే గావాల. నిరుడు ఫొటోలు ఒకదాని మీదొకటి పడిపోతన్నాయని తల పట్టుకున్నావా నేదా? మా వంటింట్లో ఆ క్యారేజీ సూసి ఎగిరి గంతేసావు. ‘బావా, పతీ ఫొటోకీ ఓ దారం కట్టేస్తాను’ అన్నావు. పేరు సివర టైమూ, పొడుగాటి నంబరూ. ఇంక ఏ రెండిటి పేరూ కలవదు, ఏదీ దేని మీదా పడదు. అన్నావా నేదా?”

“అన్నాను. కట్టాను కూడా. కానీ మధ్యలో అప్‌డేట్ చేశాం. అందులో ఎగిరిపోయుంటాది.”

“ఎగిరిపోనాదా?”

“ఎగిరిపోయుంటాది అంటన్నాను. చూడాలి.”

“నాను సూసాను. స్టోర్లో రాధమ్మ కంప్యూటర్లో సూపించింది. ఆ రోజు ఆరో నంబరు క్రేనుకి దారం ఉంది. ఎనిమిదో నంబరుకీ ఉంది. ముందు రోజు ఏడో నంబరుకీ ఉంది. ఆ ఒక్క రోజు, నాను ఫొటో తీసిన ఆ ఒక్క ఏడో నంబరుకే నేదు.”

“తలుపు వెయ్యి బావా.”

“ఎయ్యను. నాకేటి సిగ్గు?”

“నాకుంది.”

“అయితే నువ్వేనేటి?”

“మేనేజరు తిరుమలరావు గారు ఫోన్ చేశారు. నీ ఫొటో తీసేసి ముందు రోజుది పెట్టెయ్యమన్నారు. యార్డు మూతపడిపోద్ది, అందరూ రోడ్డున పడతారన్నారు. జరగాల్సింది జరిగిపోయింది కదా, ఇంక ఫొటో మారిస్తే ఎవరికేం పోద్దిలే అనుకున్నాను.”

“నా పేరుతో పెట్టావు.”

“నీ మీదకొస్తాదనుకోలేదు.”

“మరెవుడి మీదకొత్తాదనుకున్నావు? ‘మా బావమరిది సేత్తాడండి, నమ్మకస్తుడు’ అని నిన్ను ఆ యార్డుకి అట్టుకెల్లింది నాను. నీకు నిక్కరు బొత్తాం పెట్టుకోడం రాని కాడినుంచీ సూత్తన్నాను. పరాయోడు సేసుంటే నాకింత బాధ నేదు సాయీ. నా ఇంట్లో కూకుని, నా కంచం పక్కన కంచం పెట్టుకుని తిన్నావు. నిన్న కూడా వచ్చి తిన్నావు.”

“తప్పయిపోయింది. కానీ నీ ఫొటో పోలేదు బావా. తీసేసినవి నెల్రోజులు వేరే చోట దాగుంటాయి. ఇదిగో, చూడు. నీదే. పోగులు ఎలా విచ్చుకున్నాయో కనపడతన్నాయి. ఆరూ పది, దారంతో సహా. ఇది చాలు, నువ్వు బయటపడిపోతావు.”

“కనపడతన్నాయి.”

“ఎంక్వైరీకి నేనే వచ్చి చెప్తాను. అయిపోయినదాన్ని కప్పెట్టాను, అంతే నా తప్పు అని చెప్తాను. అక్కకి మాత్రం నువ్వే ఎలాగో…”

“దీన్ని తీసీసిన టైం కూడా అక్కడ ఉంటాదా?”

“ఉంటాది. అది మనకి అక్కర్లేదు.”

“సదువు.”

“బావా…”

“కళ్ళద్దాలు తేనేదు నాను. నువ్వే సదువు.”

“ఓడ ఆగిపోతాదన్నారు బావా. ఒక్క పూటే, మధ్యాన్నం రోపు మార్చేస్తాం అన్నారు. నాకేటి తెలుసు, నాను ఎప్పుడైనా క్రేను కింద నిలబడ్డానేటి…”

“టైం సదువు సాయీ.”

“ఆరూ… ఆరూ నలభై.”

“రోపు తెగింది పదకొండుకి. ఆరూ నలభైకి గణేష్ గేటు దగ్గిర నా పక్కనే నిలబడి టీ తాగుతన్నాడు. రెండు కాళ్ళ మీదా.”