పదో ఇంటి జమ

మునిసిపాలిటీ ఆఫీసులో పన్నుల గది. కంప్యూటరు ముందు కోడలు, పాత పన్ను లెక్కలు అందులోకి ఎక్కించడానికి కొత్తగా చేరిన తాత్కాలిక ఉద్యోగి. పక్కన స్టూలు మీద మామగారు, వచ్చే నెల రిటైరయ్యే బిల్ కలెక్టరు.

“మళ్ళీ ఎర్రగా వచ్చింది మామయ్యా.”

“ఇంకోసారి కొట్టి చూడు.”

“మూడుసార్లు కొట్టాను. మిల్లాయన రశీదులో పన్నెండు వేలు. మీ పుస్తకంలో రెండు వేలు. రెండూ మీ చేతిరాతే.”

“ఆ ఫ్యాను కాస్త పెంచు.”

“ఆ పదివేలు...”

“నేను తినలేదు! పాప మీద ఒట్టు.”

“నా బిడ్డ మీద ఒట్లెందుకండీ! అసలే మందుల మీద బతుకుతోంది.”

“సరే, సరే. వెనక వీధిలో పదిళ్ళున్నాయి చూడు, కట్టలేనివాళ్ళు. ఇంటికి వెయ్యి చొప్పున వాళ్ళ పేర జమ చేశాను. ఆరేళ్ళుగా అంతే. వాళ్ళకీ తెలీదు. ఆఫీసుకి రూపాయి తగ్గిందా? మొత్తం సరిపోయేది.”

“ఇది మొత్తం ఒక్కటే చూడదు మామయ్యా. ఇంటింటిదీ విడిగా చూస్తుంది.”

“మాయదారి పెట్టె! పోనీ, పుస్తకంలో ఉన్నట్టే ఎక్కించెయ్.”

“మిల్లాయనకి బాకీ నోటీసు పోతుంది. రశీదులు పట్టుకుని తిన్నగా కమిషనర్ దగ్గరికెళ్తాడు. ఇక మీ పింఛను...”

“రశీదుల ప్రకారం ఎక్కిస్తే?”

“పదిళ్ళ జమా తీసెయ్యాలి. ఆరేళ్ళ బాకీ, వడ్డీతో. కట్టకపోతే జప్తు. ఎక్కించింది నేనని కింద నా పేరు పడుతుంది.”

“...తీసెయ్.”

“తీసెయ్యమంటారా?”

“ఏం చెయ్యను మరి? తీసెయ్... ఆగాగు. తొమ్మిదే. పదోది ఉంచు.”

“ఒక్కటి ఉంచినా లెక్క కలవదు.”

“ఉంచమన్నానా!”

“పదోది మా అమ్మ ఇల్లని తెలుసు మామయ్యా. తలుపు నంబరు పొద్దున్నే చూశాను.”

“అన్నిటికంటే ముందు రాసింది ఆ ఇంటికే. జప్తు నోటీసు అంటించడానికి వచ్చాను. నువ్వు తలుపు తీశావు, చేతిలో పదో తరగతి పుస్తకం. ఇంకెన్నాళ్ళమ్మా బడి అంటే, ఇవాళే మానేశానన్నావు. నోటీసు జేబులోనే ఉండిపోయింది.”

“ఆ తెల్ల కాగితాల కట్ట ఇలా ఇవ్వండి మామయ్యా.”

“అమ్మాయ్? ఏమిటా చప్పుడు?”

“ప్రింటరు.”

“ఏం నొక్కావు?”

“పాప మందులు మీ పింఛనులోంచే రావాలి మామయ్యా. పదీ తీసేశాను. నోటీసులు వస్తున్నాయి. ఆ వీధి ఇంకా మీదే కదా, అంటించి రండి.”