మూడుసార్లు కడిగాక చెప్పండి

అందరికీ నమస్కారం. ఇంతమంది వచ్చారు. మేడమే ఉండుంటే, మరి ల్యాబులో ఎవరున్నారయ్యా అని ముందు కేకలేసేవారు. ఆవిడ పోయి తొమ్మిది రోజులైంది. నేను ఆవిడ దగ్గర పద్దెనిమిదేళ్లు టెక్నీషియన్ని. నాకు ఉపన్యాసాలు రావు, జరిగింది చెబుతాను.

ఆవిడ చేసిన పనేమిటి? వైరస్‌కి మన కణాల్లోకి దూరడం బాగా తెలుసు. దాన్లోంచి జబ్బు చేసే సరుకంతా తీసేసి, ఆ ఖాళీ పెంకులో మనకి కావలసిన ప్రొటీన్ పెట్టి పంపడం. "దొంగ చేతే మందు పంపిస్తున్నాం" అనేవారు.

ఎవరి కోసం? ముందు వరుసలో కూర్చున్న ఈ అమ్మ కూతురి కోసం. ఆ పాప కండరాల్లో ఒక ప్రొటీన్ తయారవదు. నాలుగేళ్ల కిందట మెట్లెక్కేది. ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది.

ఆ నాలుగేళ్ల కిందటే ఒకరోజు, మైక్రోస్కోపు కింద కణాలన్నీ ఆకుపచ్చగా మెరిశాయి. ప్రొటీన్‌కి మెరిసే రంగు తగిలిస్తాం లెండి. ఎగిరి గంతేశాం. నోరు ఆగక నేనే ఈ అమ్మకి ఫోన్ చేసి చెప్పేశాను. మేడం వచ్చి ఒక్కటే మాట: "కడిగారా?" కడగలేదు! కడిగితే మెరుపంతా పోయింది. ప్రొటీన్ లోపలికి పోనేలేదు, కణాల బయట అంటుకుని ఉందంతే. నాకు తల కొట్టేసినట్టయింది.

తిట్టారా? చెడామడా తిట్టారు. కానీ ఈ అమ్మకి ఆ మాట చెప్పే పని నా మీద వదల్లేదు. ల్యాబు నాది, తప్పూ నాదే అని తనే వాళ్లింటికి వెళ్లారు. తిరిగొచ్చి అల్మరా తలుపు మీద కాగితం అంటించారు: "మూడుసార్లు కడిగాక చెప్పండి." అది ఇప్పటికీ ఉంది.

చివరిసారి ఆస్పత్రికి వెళ్తే, ఒంట్లో ఎలా ఉందని నేను అడిగేలోపే, కొత్త పెంకుతో పెట్టిన కణాల డిష్ సంగతి అడిగారు. మెరుస్తోందన్నాను. కడిగావా అన్నారు. ఇంకా లేదన్నాను. "అయితే నాకు చెప్పకు" అని అటు తిరిగి పడుకున్నారు.

మర్నాడు పొద్దున్నే కడిగాను. మూడుసార్లు. మెరుపు పోలేదండీ! పరుగెత్తుకెళ్లాను. నేను వెళ్లేసరికి ఆవిడ లేరు.

అమ్మా, ఇది డిష్‌లో కణాల మాట. పాప దాకా రావడానికి ఇంకా చాలా పని ఉంది, వస్తుందో రాదో కూడా తెలీదు. ఇంతకు మించి ఒక్క మాట చెప్పినా మేడం ఊరుకోరు. కానీ ఈసారి కడిగాకే చెబుతున్నాను.

కడిగేటప్పుడు ప్రతిసారీ డిష్‌ని ఒక నిమిషం కదపకూడదు. ఆ నిమిషం ఎవరైనా నోరు విప్పితే ఆవిడకి ఒళ్లు మండేది. అందుకే ఇవాళ మౌనం రెండు నిమిషాలు కాదు, కడిగినసారికి ఒకటి చొప్పున మూడు. దయచేసి అందరూ లేవండి. ఎవరూ మాట్లాడకండి.