మళ్లీ మొదటికి

చందానగర్‌లో చీరల దుకాణం నడిపే తండ్రికి కోపం నెత్తికెక్కింది. ఎల్లుండి ఎంసీఏ ప్రవేశ పరీక్ష ఉండగా, నమూనా పరీక్షలో కూతురు ఇంగ్లిషు పాఠం చదివి జవాబులు రాసే దగ్గరే టైం చాలక చతికిలబడింది.

"పాఠమంతా ఎవరు చదవమన్నరు? ఒక్క చీరకొచ్చినామెకు దుకాణమంతా విప్పి చూపిస్తమా? ఏం కావాల్నో అడిగి అదే తీస్తం. ముందు ప్రశ్న చూడు, జవాబున్న కాడికే పో!"

"ఒక్క మాట తడబడితే మళ్ల మొదటికే పోతున్న డాడీ."

"గా దిక్కుమాలిన అలవాటు ఎవడు నేర్పిండు?"

"నువ్వే! ఇంట్ల ప్రార్థనప్పుడు ఒక్క మాట తప్పితే అధ్యాయమంతా మళ్ల చదివిస్తలేవా?"

"అది దేవుని వాక్యం!"

"నా కండ్లకు ఆ తేడా తెలుస్తలేదు. సీటు పోతే పాపం నీదే."

అతను గల్లాపెట్టెను ధడాలున మూశాడు.

"ఇయ్యాల ప్రార్థనల నువ్వే చదువు. తప్పు పోతే ఆగకు, ముందుకే పో."

"నువ్వు ఊకుంటవా?"

"పటపట పండ్లు కొరుక్కొనైనా ఊకుంట!"